అసంతృప్తికి ఏ మాట? అలక నుంచి ఆక్షేపణ దాకా ఎక్కడ ఏది వాడాలి

కథలో అక్కకు తమ్ముడి మీద మనసు కష్టపడింది. వార్తలో ఒక నాయకుడికి టికెట్ రాలేదు. ఉత్తరంలో, జరిగిన జాప్యం గురించి పై అధికారికి గట్టిగా చెప్పాలి. మూడు చోట్లా ముందుగా చేతికి తగిలే మాట ‘అసంతృప్తి’. అది తప్పు కాదు. కానీ మూడింటికీ అదే వాడితే అక్క ప్రెస్‌మీట్ పెట్టినట్టు ఉంటుంది, ఉత్తరం ఎవరినీ కదిలించదు.

నిఘంటువు తెరిస్తే పర్యాయపదాల పట్టీ దొరుకుతుంది. చాలామంది దాన్ని తీవ్రత వరసలో పేర్చుకుంటారు: చిరాకు తక్కువ, కోపం ఎక్కువ, ఆగ్రహం ఇంకా ఎక్కువ. తెలుగులో ఆ కొలత సగం దూరమే తీసుకెళ్తుంది. ఈ మాటలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయేది ముఖ్యంగా ఇద్దరి మధ్య ఉన్న సంబంధం దగ్గర. నచ్చనివాడు ఎవరు, ఎవరి మీద, వాళ్ల దగ్గర్నుంచి ఏం కోరుకుంటున్నాడు అన్నది తేలితే పదం దానంతటదే వస్తుంది.

## ముందు చూసుకోవాల్సినవి

దిశ. పైవాళ్లు కిందివాళ్ల మీద చూపేవి కొన్ని: ఆగ్రహం, మందలింపు, కళ్లెర్ర చేయడం. కిందివాళ్లు పైవాళ్లకు వినిపించేవి కొన్ని: మొర, గోడు, సణుగుడు. సాటివాళ్ల మధ్య, దగ్గరివాళ్ల మధ్య నడిచేవి అలక, నిష్ఠూరం, నొచ్చుకోవడం. ‘మేనేజరు సణిగాడు’ అని రాస్తే ఆయనకు పైన ఇంకెవరో ఉన్నారని, లేదా ఆయన మాట చెల్లడం లేదని చదువరికి తోస్తుంది. కావాలని రాస్తే మంచి వాక్యమే.

ఆశించేది. అలిగినవాడు బతిమాలించుకోవాలనుకుంటాడు. ఫిర్యాదు చేసినవాడు చర్య కోరతాడు. గోడు వెళ్లబోసుకునేవాడికి వినే మనిషి దొరికితే చాలు. విసిగినవాడికి ఆ పని ఆగిపోతే చాలు, మనుషులతో పట్టింపు లేదు.

‘నేను’ పెట్టి చూడటం. అన్నిటికంటే ఉపయోగపడే పరీక్ష ఇదే. ‘నేను నొచ్చుకున్నాను’, ‘నాకు విసుగొచ్చింది’ అని ఎవరైనా అనగలరు. ‘నేను అక్కసు వెళ్లగక్కాను’ అని మాత్రం ఎవరూ అనరు. తన గురించి చెప్పుకోలేని మాట ఏదైనా, దాన్ని రాసినవాడి తీర్పును వెంటబెట్టుకునే వస్తుంది. అక్కసు, ఉక్రోషం, సణుగుడు, కడుపుమంట అలాంటివి. నిష్పక్షపాతంగా రాయాల్సిన చోట వీటిని దాటుకుని పోవాలి.

కారణం తీరు. ఒక్కసారి జరిగినదానికి విసుగు రాదు, పదేపదే జరగాలి. ఆశ లేనిచోట నిరాశ ఉండదు. ఇష్టపడని వస్తువు మొహం మొత్తదు.

## అసంతృప్తి, అసమ్మతి, అసహనం

ఈ మూడూ వార్తల్లో ఒకదాని స్థానంలో ఒకటి వచ్చేస్తుంటాయి.

అసంతృప్తి అంటే అందినది చాలలేదని, లేదా అనుకున్నట్టు లేదని లోపల ఉండే వెలితి. దాని మూలం తృప్తి, అంటే కడుపు నిండటం, మనసు నిండటం. అందుకే దాన్ని పైకి చెప్పకుండా ఏళ్ల తరబడి మోయవచ్చు. పనితీరు, ఫలితం, ఏర్పాట్లు వంటివాటికి ‘పై’ సరిపోతుంది: ‘పనుల వేగంపై అసంతృప్తి’. మనిషి, వైఖరి అయితే ‘పట్ల’ మెత్తగా ఉంటుంది: ‘సిబ్బంది ప్రవర్తన పట్ల అసంతృప్తి’.

ఇది ప్రధానంగా రాతలో బతికే మాట. ఇంట్లో ఎవరూ ‘నాకు అసంతృప్తిగా ఉంది’ అనరు. ‘తృప్తి లేదు’, ‘మనసొప్పలేదు’, ‘నచ్చలేదు’, ‘ఏదో వెలితిగా ఉంది’ అంటారు. సంభాషణలో ఈ నాలుగింటిలో ఒకటి పెడితే వాక్యం నాలుక మీద నిలుస్తుంది. ‘అసంతుష్టి’ ఇంకా పుస్తకాల మాట, మామూలు వచనంలో దానికి పని తక్కువ.

అసమ్మతి మనసు వెలితి గురించి చెప్పదు, ఒప్పుకోకపోవడం గురించి చెబుతుంది. జీతం పెరగలేదన్నది అసంతృప్తి. జీతాలు లెక్కగట్టే పద్ధతే సరికాదనడం అసమ్మతి. మొదటివాడు లోపల కుమిలిపోతూ కూడా సంతకం పెట్టవచ్చు. రెండోవాడు ఎంతో ప్రశాంతంగా ఉండి కూడా పెట్టడు. పార్టీ వార్తల్లో ఈ తేడా పాటిస్తే చాలా గందరగోళం తీరుతుంది. టికెట్ రానివాళ్లు అసంతృప్తులు, వాళ్లను బుజ్జగిస్తారు. నాయకత్వాన్నే కాదనేవాళ్లు అసమ్మతి వర్గం, వాళ్లతో చర్చించాలి, లేదంటే వేటు వేయాలి.

అసహనంతో చిక్కు ఏమిటంటే దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి ఓపిక చచ్చిపోవడం: ‘వాయిదాలపై న్యాయమూర్తి అసహనం’. రెండోది ఎదుటివారి మతాన్నో మాటనో సైపలేకపోవడం: ‘పెరుగుతున్న అసహనం’. ‘మంత్రి అసహనం’ అని మాత్రమే శీర్షిక పెడితే ఏది అన్నది చదువరి ఊహించుకోవాలి. ఓపిక సంగతైతే ‘సహనం కోల్పోయారు’ అని రాస్తే గొడవ లేదు.

## అలక, నిష్ఠూరం, నొచ్చుకోవడం: దగ్గరివాళ్ల మాటలు

తెలుగు తన ప్రత్యేకతంతా చూపించేది ఈ మాటల్లోనే. ఇవి పరాయివాళ్ల మధ్య పుట్టవు. బస్సు కండక్టరు మీద కోపం రావచ్చు, అలక రాదు.

అలక మౌనంగా ఉంటుంది. అలిగినవాళ్లు కారణం చెప్పరు, ఎదుటివారు కనిపెట్టాలి. కనిపెట్టి బతిమాలాలి. అలక తీర్చడం, అలక మాన్పడం అన్న మాటలు ఉన్నాయంటేనే అది తీరడానికే పుట్టిందని అర్థం. పెళ్లిలో కొత్త అల్లుడికి అలకపాన్పు వేసే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో అలక ఒక హక్కు కూడా. బతిమాలేవాళ్లు లేనిచోట అలిగితే ఏమవుతుందో చెరువు మీద అలిగినవాడి సామెత చెబుతుంది: చెరువుకు ఆ సంగతే తెలియదు.

రాసేటప్పుడు: గ్రాంథికంలో ‘అలుక’, వాడుకలో ‘అలక’. క్రియ ‘అలుగు’, రూపాలు అలిగాడు, అలుగుతుంది, అలగకు. విభక్తి ‘మీద’ లేదా ‘పై’. ఎదిగిన నాయకుడి గురించి ‘అలక వహించారు’ అని వార్త రాస్తే ఆయన్ను పసివాణ్ని చేసినట్టే. ఆ ఉద్దేశం లేకపోతే ‘అసంతృప్తితో దూరంగా ఉన్నారు’ అనడం న్యాయం.

నిష్ఠూరం మాటల్లోకి వస్తుంది. సంస్కృతంలో ‘నిష్ఠుర’ అంటే కఠినమైనదని అర్థం. ‘అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలు’ అన్న సామెతలో ఆ పాత అర్థం అలాగే ఉంది: చివర్లో చెడటం కన్నా ముందే కఠినంగా చెప్పేయడం మంచిదని. ఇళ్లలో వాడే నిష్ఠూరం మాత్రం ఆ కాఠిన్యాన్ని చాలావరకు వదులుకుంది. నా మీద నీకు ఉండాల్సినంత ప్రేమ లేదని ఎత్తి చూపడం, అదీ ఆ ప్రేమ కావాలనే చూపడం. ‘ట’, ‘లే’, ‘గా’ లాంటి చిన్న ప్రత్యయాల మీదే ఇదంతా నడుస్తుంది. వర్ణక్రమం: ‘నిష్టూరం’ అని ఒత్తు లేకుండా రాయడం తరచూ కనిపిస్తుంది, ఒత్తు ఠ ఉండాలి.

నొచ్చుకోవడంలో నొప్పి ఉంది, ఎదుటివాళ్ల మీద దాడి లేదు. అందుకే తన గురించి చెప్పుకోవడానికి ఇది చాలా మర్యాదైన మాట. ‘మీ మాటకు నొచ్చుకున్నాను’ అంటే తలుపు తెరిచే ఉందని అర్థం. విభక్తి ‘కు/కి’: మాటకు, చేష్టకు నొచ్చుకుంటారు.

దీన్ని ‘మనస్తాపం’తో మార్చకూడదు. పత్రికల్లో ‘మనస్తాపానికి గురై’ అన్న పదబంధం ఎక్కువగా విషాద వార్తల్లోనే వస్తుంది. చిన్న మాటపట్టింపుకు దాన్ని వాడితే చదువరి మనసు వెంటనే కీడు శంకిస్తుంది.

కినుక పాత కావ్యాల నుంచి వచ్చిన మాట. దేవతలు, రాజులు, మహర్షులు కినుక వహిస్తారు. కోపానికి, అలకకు మధ్యలో ఉంటుంది, కొంచెం దర్జా ఉంటుంది. ఇవాళ్టి కథలో మామూలు మనిషికి తొడిగితే పెద్ద చొక్కా వేసినట్టుంటుంది.

### ఒకే సంగతి, ఆరు తీర్లు

తమ్ముడు ఇల్లు మారాడు. అక్కకు చెప్పలేదు. ఆమెకు మూడో మనిషి ద్వారా తెలిసింది. ఆమె ఏం చేస్తే ఏ మాట వాడాలో చూడండి.

*అలక:* ఫోన్ ఎత్తుతుంది. ‘ఊఁ’, ‘సరే’, ‘బానే ఉన్నాం’. రెండో నిమిషంలో ‘మీ బావకిస్తా, మాట్లాడు’.

*నిష్ఠూరం:* ‘ఇల్లు మారావటగా. మాకు చెప్పేంత దగ్గరవాళ్లం కాదులే.’

*నొచ్చుకోవడం:* తమ్ముడితో ఏమీ అనదు. భర్తతో అంటుంది: ‘వాడు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. మనసుకు ఏదోలా ఉంది.’

*దెప్పు:* ‘ఫీజులు కట్టినప్పుడు మాత్రం అక్క గుర్తొచ్చింది.’ గతంలో చేసిన మేలునో, గతంలో జరిగిన తప్పునో పైకి తీస్తేనే అది దెప్పిపొడవడం. పాత లెక్క లేకుండా దెప్పు లేదు.

*ఎత్తిపొడుపు:* ‘పెద్ద ఇంట్లోకి వెళ్లినవాళ్లకు చిన్న ఇళ్లవాళ్లు ఎందుకు కనిపిస్తారు!’ ఇక్కడ పాత లెక్క అక్కర్లేదు, పోలిక కావాలి. సూటిగా పేరు పెట్టకుండా గుచ్చాలి.

*సణుగుడు:* తమ్ముడు వచ్చి హాల్లో కూర్చున్నాడు. ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతూ, వినపడీ వినపడనట్టు: ‘వచ్చినప్పుడు అక్కా అక్కా అంటూ తిరగడమే గానీ...’

తీవ్రత కొలిస్తే దెప్పు అన్నిటికంటే గట్టిగా తగులుతుంది. కానీ తమ్ముణ్ని ఎక్కువ కాలం వెంటాడేది నొచ్చుకోవడమే. కథ రాసేవాళ్లకు ఈ ఎంపిక పాత్ర స్వభావాన్ని తేల్చేస్తుంది. నిష్ఠూరమాడే అక్క రేపు తమ్ముడి కొత్త ఇంటికి వెళ్తుంది. దెప్పిన అక్క వెళ్లకపోవచ్చు.

## ఒక చూపులో

| మాట | ఎవరి మధ్య | ‘నేను’తో కుదురుతుందా | ఎదుటివారి నుంచి కోరేది |
|---|---|---|---|
| అసంతృప్తి | ఎవరి మధ్యనైనా, రాతలో | కుదురుతుంది | మెరుగుదల |
| అసమ్మతి | సభ, పార్టీ, సంఘం | కుదురుతుంది | నిర్ణయం మారడం, లేదా నమోదు కావడం |
| అలక | ఆత్మీయులు | కుదురుతుంది, చనువుగా | బతిమాలడం |
| నిష్ఠూరం | ఆత్మీయులు, బంధువులు | అరుదుగా | ప్రేమకు రుజువు |
| నొచ్చుకోవడం | దగ్గరివాళ్లు, మర్యాదస్తులు | బాగా కుదురుతుంది | గుర్తింపు |
| విసుగు | మనుషులు, పనులు | కుదురుతుంది | ఆగిపోవడం |
| సణుగుడు | కిందివాళ్లు, మాట చెల్లనివాళ్లు | కుదరదు | ఏమీ లేదు, లోపలి ఆవిరి పోవడమే |
| ఫిర్యాదు | పౌరుడు, సంస్థ | కుదురుతుంది | చర్య |
| నిరసన | సమూహం, అధికారం | కుదురుతుంది | పదిమంది చూడటం, పైవాళ్లు దిగిరావడం |
| అక్కసు | ప్రత్యర్థులు | కుదరదు | ఎదుటివారికి చెడు |

## విసుగు, చిరాకు, మొహం మొత్తడం

విసుగుకు సమయం కావాలి. చిరాకుకు అక్కర్లేదు. పక్కింట్లో డ్రిల్లింగ్ మొదలైన మొదటి నిమిషంలోనే చిరాకు పుడుతుంది, మూడో రోజుకు అది విసుగు అవుతుంది. ఆ శబ్దం ఆగగానే చిరాకు పోతుంది, విసుగు మాత్రం వెంటనే పోదు.

ఇక్కడ వ్యాకరణం కూడా అర్థాన్ని మారుస్తుంది. ‘విసుగొచ్చింది’, ‘విసిగిపోయాను’ అంటే లోపలి స్థితి. ‘విసుక్కున్నాడు’ అంటే ఎవరి మీదో చూపించిన పని. అలసి ఇంటికొచ్చిన తండ్రికి ఆఫీసు మీద విసుగు ఉంటుంది, పిల్లల మీద విసుక్కుంటాడు. ఈ రెండింటి మధ్య దూరంలోనే ఒక కథ ఉంది. ‘విసిగించు’ అయితే కర్త మారిపోతాడు, తప్పు ఎదుటివాడి మీదికి వెళ్తుంది. ‘విసుగు’ ఒకప్పుడు ఏమీ తోచకపోవడానికి కూడా సరిపోయేది. ఇప్పుడు ఆ పనిని ‘బోర్ కొట్టడం’ తీసేసుకుంది. కాబట్టి ఇవాళ ‘విసుగ్గా ఉంది’ అని రాస్తే చదువరి ముందుగా చిరాకు వైపే వెళ్తాడు.

మొహం మొత్తడం ఒకప్పుడు నచ్చినదానికే చెల్లుతుంది: రోజూ అదే పాట, అదే మిఠాయి. వెగటు ఇంకో మెట్టు ముందుకు వెళ్లి కడుపులో తిప్పే దాకా పోతుంది. రోత, ఏవగింపు, జుగుప్స అసహ్యం కోవలోవి, అసంతృప్తి ఇంటి పేరు వాటికి చెల్లదు. సేవ బాగాలేదని రాసే సమీక్షలో ‘రోత పుట్టింది’ అంటే అక్కడ శుభ్రత లేదని చదువరి అర్థం చేసుకుంటాడు.

## సణుగు, గొణుగు, నసుగు

మూడింటిలోనూ గొంతు తగ్గుతుంది. కలిసిపోవడానికి కారణం అదే.

సణుగుడులో అసంతృప్తి తప్పనిసరి. ఎవరికో వినిపించాలనే కోరిక కూడా ఉంటుంది, కానీ నిలదీస్తే ‘ఏం అనలేదు’ అంటారు. గొణుగుడు కేవలం మాట తీరు. నిద్రలో గొణగవచ్చు, లెక్క వేసుకుంటూ గొణగవచ్చు, అసంతృప్తి అక్కర్లేదు. నసుగుడులో చెప్పాల్సింది ఉంది, చెప్పడానికి జంకు ఉంది. అప్పు అడగడానికి వచ్చినవాడు నసుగుతాడు, వడ్డీ ఎక్కువన్నవాడు సణుగుతాడు. ‘నస’ మళ్లీ వేరు, అది వినేవాడి బాధ: ‘ఒకటే నస పెడుతున్నాడు’. తెలంగాణలో సణుగుడుకు ‘గులుగుడు’ అన్న చక్కటి మాట ఉంది.

పిల్లల విషయంలో ఇవేవీ సరిపోవు. పిల్లలు మారాం చేస్తారు, పేచీ పెడతారు. మారాంలో ఏదో కావాలి, పేచీలో ఏదో వద్దు.

తెలంగాణ పలుకుబడిలో ‘నారాజ్’ కూడా మరిచిపోకూడదు. ‘అన్న నారాజ్ అయిండు’ అన్న ఒక్క ముక్కలో చిన్నబోవడం, నొచ్చుకోవడం, కొంచెం అలక అన్నీ ఉన్నాయి. దాన్ని తీసేసి ‘అసంతృప్తి చెందాడు’ అని దిద్దితే ఆ పాత్ర నోట్లోంచి ఊరినే తీసేసినట్టు.

## నిరాశ

ఇక్కడ ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. ఆశ నెరవేరకపోతే నిరాశ, ఆశించినది చేతిదాకా వచ్చి జారిపోతే ఆశాభంగం, ఇక ఏ కోరికా మిగలకపోతే నిస్పృహ. పనికొచ్చే విషయం ఒకటుంది: ‘నిరాశపరిచింది’ అన్నప్పుడు వేలు వస్తువు వైపు ఉంటుంది, మనిషి వైపు కాదు. సమీక్ష రాసేవాళ్లు ‘రెండో సగం నిరాశపరిచింది’ అని రాస్తే చేసినవాళ్ల ఉద్దేశాన్ని శంకించకుండానే విషయం చెప్పినట్టవుతుంది.

## బహిరంగంగా: అభ్యంతరం, ఆక్షేపణ, నిరసన, ఖండన

అభ్యంతరం సాధారణంగా జరగబోయేదానికి. ‘మీకు అభ్యంతరం లేకపోతే’ అని ముందే అడుగుతారు. ఆక్షేపణ ఎక్కువగా జరిగినదాన్ని తప్పుపట్టడానికి, అందులో వేలెత్తి చూపడం ఉంది. నిరసనకు చూసేవాళ్లు కావాలి. నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నా, రోడ్డెక్కినా, సభ నుంచి లేచిపోయినా అది కనబడాలి. గదిలో ఒక్కడే ఉండి పడే బాధ నిరసన కాదు. ఖండించడానికి ఎదుట ఒక మాటో చర్యో ఉండాలి. గర్హించడం అన్నది నీతి దృష్టితో చేసే పని, దాడులు, హత్యల వంటివాటికి దాచుకోవాల్సిన మాట. ఆలస్యంగా వచ్చిన బస్సును ఎవరూ గర్హించరు.

‘ఆందోళన’ దగ్గర జాగ్రత్త. వెనకొచ్చే క్రియే దాని అర్థాన్ని నిర్ణయిస్తుంది. ‘ఆందోళన వ్యక్తం చేశారు’ అంటే కలవరం, ‘ఆందోళన చేపట్టారు’ అంటే ఉద్యమం. ‘రైతుల ఆందోళన’ అని వదిలేస్తే పొలంలో దిగులుగా కూర్చున్నారో, కలెక్టరేట్ ముందు బైఠాయించారో తెలియదు.

‘ఆగ్రహం’ ఇవాళ పెద్ద కోపం. సంస్కృతంలో దానికి పట్టుదల అన్న అర్థం ఉంది, సత్యాగ్రహంలో మిగిలింది అదే. మామూలు మనుషుల కోపాన్నంతా ఆగ్రహం చేయడం శీర్షికలకు అలవాటైంది. ప్రజాగ్రహం, న్యాయస్థానం ఆగ్రహం సరే, వినియోగదారుడి ఆగ్రహం అన్నప్పుడు మాట బరువు తగ్గిపోతుంది.

### ఫిర్యాదు, మొర, గోడు, పితూరీ

‘ఫిర్యాదు’ పారశీకం నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం ఆర్తనాదమే. తెలుగులో ఆ ఆర్తి పోయి కాగితం మిగిలింది: ఫిర్యాదుకు సంఖ్య ఉంటుంది, తేదీ ఉంటుంది, రసీదు ఉంటుంది. ఆర్తి అంతా ‘మొర’ దగ్గరే ఉండిపోయింది. మొర పెట్టుకుంటారు, మొర ఆలకిస్తారు. ఆలకించేవాడు దేవుడో, దేవుడంత ఎత్తులో ఉన్నవాడో అయి ఉండాలి. అందుకే ‘అధికారికి మొర పెట్టుకున్న బాధితులు’ అని రాస్తే వాళ్ల నిస్సహాయత, ఆయన ఎత్తు రెండూ కనిపిస్తాయి. హక్కుగా అడిగినవాళ్ల గురించైతే ‘ఫిర్యాదు చేశారు’ అనే రాయాలి. ఇది మర్యాదకు సంబంధించిన సంగతి.

గోడు వెళ్లబోసుకునేది. పరిష్కారం దొరుకుతుందన్న నమ్మకం అందులో పెద్దగా ఉండదు.

‘పితూరీ’ ప్రయాణం వింతైనది. 1879 నాటి రంప పితూరీలో, అల్లూరి సీతారామరాజు నడిపిన 1922–24 మన్యం పితూరీలో అది తిరుగుబాటు. ఇళ్లలో, బడుల్లో అది చాడీ: ‘టీచరుకు పితూరీలు చెబుతాడు’. చరిత్ర రాసేటప్పుడు మొదటి అర్థం, సంభాషణలో రెండోది.

## ముఖం చెప్పేవి

పెదవి విరవడం ఒక తీర్పు. నాణ్యత చాలలేదని, మాట బలంగా లేదని చెబుతుంది. కోపం లేదు. ‘కొత్త నిబంధనలపై నిపుణుల పెదవి విరుపు’ బాగా కుదురుతుంది. మూతి ముడవడంలో తీర్పు లేదు, చిన్నబోవడం ఉంది, పిల్లలకో చనువున్నవాళ్లకో సరిపోతుంది. నిపుణులు మూతి ముడిచారంటే నవ్వులాట అవుతుంది. నొసలు చిట్లించడం క్షణంలో వచ్చి పోయేది, అర్థం కాకపోయినా చిట్లిస్తారు. మొహం మాడ్చుకోవడం పూటంతా ఉంటుంది. చప్పరించేయడంలో కొట్టిపారేయడం ఉంది, ‘ఇదీ ఒక లెక్కా’ అని. ముక్కున వేలేసుకోవడంలో అసంతృప్తి కన్నా ఆశ్చర్యం ఎక్కువ, హద్దు దాటిన ప్రవర్తనకు అది. కళ్లెర్ర చేయడానికి అధికారం ఉండాలి.

మొహం చాటేయడం ఈ గుంపులోది కాదు. అది తప్పించుకు తిరగడం.

## వెనకొచ్చే క్రియ

నామవాచకం ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా క్రియ దాన్ని తిప్పేయగలదు. ‘అసంతృప్తి వ్యక్తం చేశారు’ ఏ పక్షానికీ చెందదు. ‘వెలిబుచ్చారు’లో లోపల దాచుకున్నది బయటపెట్టిన నెమ్మది ఉంది. ‘వెళ్లగక్కారు’లో వాంతి ఉంది. అక్కసుకు, విషానికి అతికే ఆ క్రియను అసంతృప్తికి తగిలిస్తే ఆ మనిషి అసంతృప్తి న్యాయమైనది కాదని మీరు తేల్చేసినట్టే. ‘మండిపడ్డారు’, ‘విరుచుకుపడ్డారు’, ‘నిప్పులు చెరిగారు’ అన్నవి గొంతు పెంచి మాట్లాడినప్పుడే రాయాలి. లిఖితపూర్వక ప్రకటనలో ఎవరూ నిప్పులు చెరగలేరు.

ఉక్రోషం, ఆక్రోశం తరచూ తారుమారు అవుతాయి. ఆటలో ఓడి, ఏడిపిస్తే ఏమీ చేయలేక కళ్లలో నీళ్లు తిరిగేది ఉక్రోషం, ‘ష’. అన్యాయం జరిగినవాళ్ల గుండెలోంచి వచ్చే అరుపు ఆక్రోశం, ‘శ’. బాధితుల ఆక్రోశాన్ని ఉక్రోషం అని రాస్తే అచ్చుతప్పుతో పోదు, వాళ్లను చులకన చేసినట్టవుతుంది.

## మాట వాడకుండానే

మంచి సంభాషణలో పైన చెప్పిన పదాల్లో ఒక్కటీ రాకపోవచ్చు. తెలుగువాళ్లు అసంతృప్తిని ఎక్కువగా ప్రత్యయాల్లో పెడతారు.

‘బాగుంది’ మెచ్చుకోలు. ‘బాగానే ఉంది’లో ఆ ‘నే’ ఏదో వెనక్కి లాగి పట్టుకుంటుంది. వండినవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ‘పర్లేదు’ ఇంకో మెట్టు కింద. ‘సరే’ ఒప్పుకోవడం, ‘సరేలే’ ఒప్పుకోక తప్పకపోవడం. ‘వస్తాను’ మాట ఇవ్వడం, ‘వస్తాలే’ విసుగు, లేదా రానేమోనన్న సూచన. ‘ఎందుకులెండి’ అన్నప్పుడు చెప్పాల్సింది చాలా ఉందని అర్థం. ‘మీ ఇష్టం’ అని పొడిగా అంటే అది తిరస్కారానికి దగ్గరే. కథకులు ‘ఆమె అసంతృప్తిగా అంది’ అని క్రియావిశేషణం తగిలించే ముందు, సంభాషణలో ఒక ‘లే’ చాలదా అని చూడాలి. చాలాసార్లు చాలుతుంది.

అనువాదం చేసేవాళ్లు చిక్కుకునేది కూడా ఇక్కడే. మూలంలో ఒకే విశేషణం పదిసార్లు వస్తే, ప్రతిచోటా ‘అసంతృప్తి చెందిన’ అని పెట్టడం సులువు. మాట్లాడే ఇద్దరి మధ్య చనువు ఎంతో తేల్చుకుంటే ఒకచోట ‘చిన్నబుచ్చుకుని’, ఒకచోట ‘విసుగ్గా’ వస్తాయి, మరోచోట పదమే పోయి ‘లే’ మిగులుతుంది.

## ఫిర్యాదు ఉత్తరం రాసేవాళ్లకు

ఉత్తరంలో భావాన్ని తెలిపే మాట ఒక్కసారి వస్తే చాలు. మిగతా బలమంతా వివరాల్లో ఉండాలి. ‘మీ నిర్లక్ష్య ధోరణి పట్ల తీవ్ర అసంతృప్తిని, ఆవేదనను, ఆగ్రహాన్ని వ్యక్తం చేస్తున్నాను’ అన్న వాక్యంలో మూడు మాటలు ఒకదాన్నొకటి చంపుకున్నాయి. పైగా ఆవేదన కిందినుంచి పైకి, ఆగ్రహం పైనుంచి కిందికి. రాసినవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలియదు. ‘నిర్లక్ష్యం’ కూడా ఆరోపణే, రుజువు చేయాల్సి వస్తుంది. ‘జాప్యం’ జరిగిన సంగతి, తేదీలే దాన్ని రుజువు చేస్తాయి.

వరస ఇలా ఉంటే మంచిది: ఏం జరగాలి, ఎప్పటికి జరగాలి, ఏం జరిగింది, మీరు ఇప్పటికే ఏం చేశారు, ఇప్పుడేం కావాలి. భావం చెప్పే మాట నాలుగో దాని తర్వాత.

‘మరమ్మతు 5వ తేదీకి పూర్తి చేస్తామని రాతపూర్వకంగా తెలిపారు. 20వ తేదీ నాటికీ మొదలుకాలేదు. ఈలోగా రెండుసార్లు ఫోన్ చేశాను, ఒకసారి స్వయంగా వచ్చాను. ఈ జాప్యం నాకు అసంతృప్తి కలిగించింది. పని ఏ తేదీకి పూర్తవుతుందో వారం లోపు రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఇందులో ‘తీవ్ర’ లేదు, అవసరం పడలేదు. జవాబు రాకపోతే రెండో ఉత్తరంలో ‘తీవ్ర అసంతృప్తి’, మూడోదాంట్లో ‘ఈ వైఖరిని ఆక్షేపిస్తూ పై అధికారులకు ఫిర్యాదు చేస్తున్నాను’ అని మెట్లెక్కడానికి చోటు మిగిలి ఉంటుంది. మొదటి ఉత్తరంలోనే ఆగ్రహం దాకా వెళ్లినవారికి రెండో ఉత్తరంలో రాయడానికి మాట ఉండదు.